ఎరవు గొడ్డలి, కొత్త మదర్‌బోర్డు



ఈ వారం కంప్యూటర్ గురించి రాస్తున్నాను. ధ్యానం చదువుదామని వచ్చినవాళ్ళు ఆశ్చర్యపడవద్దు. ఈ నాలుగు నెలల్లో మన సంఘంలోనే ఐదారుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, కంప్యూటర్‌ల బోర్డు మార్పిచ్చినం. అన్నీ మంచిగనే ఉన్నయి గని, తెర కింద మూలకు యాక్టివేట్ విండోస్ అని అక్షరాలు వస్తున్నయి. ఏం చెయ్యాలె?" ఒకరు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే చిన్న దుకాణం పెట్టుకున్న తమ్ముడు. ఒకరు డిగ్రీ చదివే ఆడపిల్ల తండ్రి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి చెబుదామనుకున్నాను. అదీగాక ఈ ప్రశ్నకు మన మందిరం ఆఫీసులోనే మేము జవాబు వెతుక్కోవలసి వచ్చింది. వెతుకుతుంటే అది యంత్రం దగ్గర ఆగలేదు, మనస్సాక్షి దాకా వచ్చింది.

మొన్న జూన్‌లో తొలకరి వానలప్పుడు మందిరం పక్క చెట్టు మీద పిడుగు పడిన సంగతి మీలో చాలామందికి తెలుసు. దేవుని దయవల్ల మనుషులకు ఏమీ కాలేదు. ఆఫీసు కంప్యూటర్ మాత్రం మళ్ళీ వెలగలేదు. అది 2013లో కొన్న యంత్రం. హైదరాబాదులో ఉండే ఒక కుటుంబం కొంతకాలం వాడుకుని మనకు కానుకగా ఇచ్చారు. బాప్తిస్మాల, పెళ్ళిళ్ళ రిజిస్టర్ల నకలు, కానుకల లెక్కలు, పదేళ్ళుగా టైపు చేసిన పాటలు అన్నీ అందులోనే ఉన్నాయి. సాయంత్రాలు పన్నెండు మంది పిల్లలు వంతులవారీగా టైపింగ్ నేర్చుకునేది కూడా దాని మీదే.

యువకులిద్దరు సీపీయూ డబ్బాను బండి మీద పెట్టుకుని, గౌరారం దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయారు. మనం సీటీసీ అంటాం కదా, అదే. మదర్‌బోర్డు కాలిపోయిందని, హార్డ్ డిస్క్, ప్రాసెసర్, ర్యామ్ క్షేమమని చెప్పారు. అంత పాత ప్రాసెసర్‌కు కొత్త బోర్డు దొరకదు. వెతకగా వెతకగా వేరే కంపెనీ సెకండ్‌హ్యాండ్ బోర్డు ఒకటి దొరికింది. దాన్ని బిగించి తెచ్చారు. ఆన్ చేస్తే పాత తెర, పాత ఫోల్డర్లు, రిజిస్టర్లు, పాటలు, అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అందరం దేవునికి స్తోత్రం చెప్పాం. ఆ తర్వాతే కింది మూలన బూడిదరంగు అక్షరాలు కనిపించాయి. విండోస్ యాక్టివేట్ కాలేదట.

మన కళ్ళకు అది అదే కంప్యూటర్. అదే డబ్బా, అదే తెర, లోపల అవే కాగితాలు. విండోస్ కంటికి మాత్రం అది ఎన్నడూ చూడని కొత్త యంత్రం. ఎందుకలా అని తెలుసుకోవడానికి కొంచెం వెనక్కి పోవాలి.

2001 అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీ విడుదలైంది. అంతకుముందు ఒక సీడీ, దానితో వచ్చిన 25 అక్షరాల కీ ఉంటే ఎన్ని కంప్యూటర్లలోనైనా విండోస్ ఎక్కేది. ఎక్స్‌పీతో యాక్టివేషన్ అనే పద్ధతి సామాన్యుల ఇళ్ళలోకి వచ్చింది. ఎక్కించిన 30 రోజుల్లోగా ఇంటర్నెట్ ద్వారానో ఫోన్ ద్వారానో మైక్రోసాఫ్ట్‌కు తెలియజేయాలి. ఫోన్‌లో అయితే మనం 50 అంకెలు చదివి వినిపిస్తే, అవతలివాళ్ళు 42 అంకెలు చెప్పేవారు. ఆ 50 అంకెల్లో కీ వివరంతో పాటు మన యంత్రం గుర్తు కూడా దాగి ఉండేది. ప్రాసెసర్, ర్యామ్, హార్డ్ డిస్క్, సీడీ డ్రైవ్, నెట్‌వర్క్ కార్డు, డిస్‌ప్లే కార్డు వంటి పది అంశాలను చూసి, వాటి నుండి లెక్కగట్టిన చిన్న గుర్తు అది. అందులో ఒకటి రెండు మారితే ఊరుకునేది. ఎక్కువ మారితే ఇది వేరే యంత్రమని అనుకుని మళ్ళీ యాక్టివేట్ చేయమని అడిగేది.

2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. ఒక సంవత్సరం పాటు విండోస్ 7, 8 ఉన్నవాళ్ళకు ఉచితంగా ఇచ్చారు. అలా పొందినవాళ్ళకు కొత్త కీ ఏమీ ఇవ్వలేదు. యంత్రం గుర్తునే మైక్రోసాఫ్ట్ తన సర్వర్లలో రాసిపెట్టుకుంది. దీన్నే డిజిటల్ లైసెన్స్ అంటారు. హార్డ్ డిస్క్ పోయి కొత్తది వేసుకున్నా, ర్యామ్ పెంచుకున్నా సాధారణంగా ఇబ్బంది రాదు. విండోస్ మళ్ళీ ఎక్కించి నెట్ కలిపితే గుర్తుపట్టి తానే యాక్టివేట్ అవుతుంది. మదర్‌బోర్డు సంగతి వేరు. నెట్‌వర్క్ చిప్పు, సౌండ్ చిప్పు, యంత్రానికి పుట్టుకతో ఉండే నంబరు, అన్నీ దాని మీదే ఉంటాయి. అది మారితే పాత గుర్తు మొత్తం పోయినట్టే.

ఒక ఉదాహరణ చెబుతాను. మల్లన్నసాగర్ ముంపు గ్రామాల నుండి వచ్చి గజ్వేల్ పక్కన కాలనీలో ఉంటున్న కుటుంబాలు మనకు తెలుసు. మనిషి అదే మనిషి, పిల్లలు అదే పిల్లలు, ఊరూ ఇంటి నంబరూ మాత్రం వేరు. పాత చిరునామాకు ఉత్తరం వేస్తే అది వాళ్ళకు చేరదు. మనిషి మారలేదన్నది మనకు తెలిసిన నిజం, రికార్డుకు తెలిసింది చిరునామా ఒక్కటే. విండోస్ లెక్కలో మదర్‌బోర్డే ఆ చిరునామా.

అయితే బోర్డు మారిన ప్రతివాళ్ళకూ హక్కు పోతుందా? పోదు. మీ దగ్గర ఉన్నది ఏ రకం లైసెన్స్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది మనకు సులువుగా అర్థమయ్యే విషయమే. 2020 మే నెలలో కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి నీళ్ళు రాకముందు మనది బోర్ల మీద బతికిన ఊరు. మోటారు అంటే ఏమిటో, కరెంటు సర్వీసు అంటే ఏమిటో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కొత్త కంప్యూటర్‌తో పాటు కంపెనీవాళ్ళే ఎక్కించి ఇచ్చే విండోస్‌ను ఓఈఎం లైసెన్స్ అంటారు. అది పొలానికి ఇచ్చిన కరెంటు సర్వీసు లాంటిది. పొలం అమ్మితే సర్వీసు పొలంతోనే పోతుంది. దాన్ని పీకి పక్క ఊళ్ళో ఇంకో చెలకకు తీసుకుపోలేం. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుండి కంపెనీ కంప్యూటర్లలో ఈ కీని మదర్‌బోర్డులోని చిప్పులోనే రాసి ఇస్తున్నారు. బోర్డు కాలితే కీ కూడా దానితోనే పోతుంది.

దుకాణంలో విడిగా డబ్బు పెట్టి కొనే విండోస్‌ను రిటైల్ లైసెన్స్ అంటారు. ఇది మోటారు లాంటిది. ఈ బోరు ఎండిపోతే పైకి తీసి ఇంకో బోరులో దించుకోవచ్చు. కానీ ఒక్క మోటారును ఒకేసారి రెండు బోర్లలో నడపలేం కదా. అలాగే రిటైల్ విండోస్‌ను పాత యంత్రం నుండి తీసేసి కొత్త యంత్రంలో పెట్టుకోవచ్చు, రెండింటిలో ఒకేసారి వాడకూడదు.

మూడవది వాల్యూమ్ లైసెన్స్. పెద్ద ఆఫీసులు, కాలేజీలు వందల కంప్యూటర్లకు కలిపి తీసుకునేది. ఇందులో ఒక పద్ధతి ప్రకారం ప్రతి కంప్యూటరూ 180 రోజుల్లోగా ఆ సంస్థ సర్వర్‌ను కలిసి నేనింకా ఇక్కడే ఉన్నానని చెప్పుకోవాలి. కాలేజీ బస్సు కాలేజీ పిల్లల కోసమే ఉన్నట్టు, ఇది ఆ సంస్థ పనికే. మన ఇంటికి తెచ్చుకునేది కాదు.

మీ కంప్యూటర్‌లో ఏది ఉందో చూడడానికి సులువైన దారి ఉంది. కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న మీట, ఆర్ మీట కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఎస్, ఎల్, ఎమ్, జి, ఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, డి, ఎల్, ఐ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కొద్ది క్షణాల్లో ఒక చీటీ లాంటిది వస్తుంది. అందులో ఓఈఎం అనో, రిటైల్ అనో, వాల్యూమ్ అనో రాసి ఉంటుంది. బోర్డు బాగున్నప్పుడే దీన్ని ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోండి.

ఇప్పుడు బోర్డు మారినవాళ్ళు చేయవలసింది. విండోస్ 10 అయితే సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ కింద, విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద, యాక్టివేషన్ అనే చోటు ఉంటుంది. అక్కడ ట్రబుల్‌షూట్ నొక్కితే, ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను అనే అర్థం వచ్చే ఒక వాక్యం కనిపిస్తుంది. దాన్ని నొక్కి మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్ళాలి. మీ పాత కంప్యూటర్ పేరు జాబితాలో కనిపిస్తే, ఇప్పుడు వాడుతున్నది ఇదే అని గుర్తు పెట్టి యాక్టివేట్ నొక్కండి. 2016 ఆగస్టులో వచ్చిన అప్‌డేట్‌తో ఈ సౌకర్యం మొదలైంది. దీనికి రెండు షరతులు ఉన్నాయి. బోర్డు మారకముందే లైసెన్స్ ఆ ఖాతాతో ముడిపడి ఉండాలి. ఇంతకుముందు హోమ్ ఉంటే ఇప్పుడూ హోమే, ప్రో ఉంటే ఇప్పుడూ ప్రోనే ఉండాలి.

కంపెనీ కంప్యూటర్ వారంటీలో ఉండి బోర్డు చెడిపోతే, బయట మార్పించకుండా ఆ కంపెనీ సర్వీసు సెంటర్‌కే తీసుకుపోండి. చెడిపోయిన బోర్డుకు బదులు కంపెనీ ఇచ్చే అదే రకం బోర్డు వేసినప్పుడు కొత్త లైసెన్స్ కొనక్కర్లేదన్నది మైక్రోసాఫ్ట్ నియమమే. రిటైల్ కొన్నవాళ్ళు తమ 25 అక్షరాల కీని మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. అందుకే ఆ డబ్బా, బిల్లు పారేయవద్దు.

మరి మన ఆఫీసు కంప్యూటర్ సంగతి? అది విండోస్ 7తో పుట్టి, ఉచిత కాలంలో విండోస్ 10కు మారింది. ఏ ఖాతాతోనూ ముడిపడి లేదు. డబ్బా పక్కన విండోస్ 7 స్టిక్కరు ఉంది గానీ, పాత విండోస్ 7, 8 కీలతో కొత్త విండోస్‌ను యాక్టివేట్ చేసుకునే దారిని 2023 సెప్టెంబరులో మూసేశారు. పైగా ఆ స్టిక్కరు హక్కు ఇచ్చింది కాలిపోయిన బోర్డుకే. మా యువకులు అన్ని దారులూ ఓపికగా వెతికారు. చివరికి తేలింది ఏమిటంటే, పిడుగుతో పాటే ఆ విండోస్ వాడే హక్కు కూడా పోయింది.

అప్పుడు ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు అన్నాడు. "అయ్యగారూ, రెండు నిమిషాల పని. నా పెన్‌డ్రైవ్‌ల యాక్టివేటర్ ఉంది. డిఫెండర్ బంద్ చేసి ఒక్కటి నొక్కితే అయిపాయె. మా హాస్టల్‌ల అందరం గట్లనే చేస్తం."

అతను చెడ్డవాడు కాడు. మందిరానికి ఖర్చు తప్పిద్దామని, పిల్లల క్లాసు ఆగకూడదని ప్రేమతో అన్న మాట అది. ఆ సమయంలో టైపింగ్ పిల్లలు వెనక నిలబడి ఉన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. "అన్నా, డిఫెండర్ అంటే కాపలా కదా? మన కాపలోన్ని మనమే ఎందుకు బంద్ చెయ్యాలె?"

ఆ ప్రశ్నకు గదిలో ఎవ్వరమూ వెంటనే జవాబు చెప్పలేదు.

నేను ఆ తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఆ యాక్టివేటర్ లోపల ఏం చేస్తుందో నువ్వే చెప్పు బిడ్డా అన్నాను. అతను నిజాయితీగా చెప్పాడు. వాల్యూమ్ లైసెన్స్ గురించి పైన చెప్పాను కదా, 180 రోజుల్లోగా సంస్థ సర్వర్‌ను కలవాలని. ఈ ప్రోగ్రాం కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి సర్వర్‌ను నిలబెడుతుంది. అవును, ఇది మా సంస్థ కంప్యూటరే అని అది అబద్ధపు సాక్ష్యం చెబుతుంది. విండోస్ నమ్ముతుంది. మూలన ఉన్న అక్షరాలు పోతాయి. ఎక్కడా లేని సంస్థ, ఎవ్వరూ ఇవ్వని అనుమతి. సాక్ష్యం చెప్పేది యంత్రమే అయినా, చెప్పించేది మనం.

ప్రియులారా, నాకు అప్పుడు రాజులు రెండవ గ్రంథం ఆరవ అధ్యాయంలోని గొడ్డలి గుర్తొచ్చింది. ఎలీషా దగ్గర ఉన్న ప్రవక్తల శిష్యులు, ఉన్న చోటు ఇరుకైందని యొర్దాను ఒడ్డుకు పోయి మ్రానులు నరుకుతుంటారు. ఒకని గొడ్డలి ఊడి నీళ్ళలో పడుతుంది. ఆ తర్వాత ఇనుము నీళ్ళ మీద తేలిన అద్భుతం మనందరికీ తెలుసు, సండేస్కూల్ పిల్లలు కూడా చెబుతారు. నేను మీకు చూపాలనుకున్నది అంతకుముందు ఆ మనిషి వేసిన కేక. పని ఆగిపోయిందని అతను ఏడవలేదు. ఆ గొడ్డలి ఎరవు తెచ్చినది, పరాయివాళ్ళది, అదే అతని బాధ. కడుతున్నది ప్రవక్తల నివాసమే కావచ్చు, పని పవిత్రమైనదే కావచ్చు. పని మంచిదని గొడ్డలి సొంతదారుణ్ణి అతను మరచిపోలేదు.

విండోస్ కొన్నామంటాం గానీ, నిజానికి మనం కొనేది వాడుకునే అనుమతినే. దాన్ని తయారుచేసినవాళ్ళు కొన్ని షరతుల మీద మనకు ఇచ్చిన ఎరవు గొడ్డలి అది. ఆ కంపెనీ చాలా పెద్దది, మన ఒక్క కంప్యూటర్‌తో వాళ్ళకు ఏం నష్టం అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎనిమిదవ ఆజ్ఞలో సొంతదారుడు ధనవంతుడా బీదవాడా అన్న తేడా రాయలేదు. ధనవంతుడి చేనులో గడ్డి కోసుకున్నా అడిగే కోసుకోవాలని మన తాతలు మనకు నేర్పారు.

మన దేశ చట్టం కూడా దీని గురించి మాట్లాడుతుంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బీ సెక్షన్ ప్రకారం, దొంగ ప్రతి అని తెలిసి ఒక కంప్యూటర్ ప్రోగ్రాంను వాడడం నేరం. ఏడు రోజుల నుండి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. లాభం కోసమో వ్యాపారం కోసమో వాడలేదని తేలితే, కోర్టు జైలు లేకుండా 50 వేల వరకు జరిమానాతో వదలవచ్చు. దుకాణాలు నడిపే తమ్ముళ్ళు ఈ తేడాను గమనించండి. మీది వ్యాపారం కిందికే వస్తుంది.

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. కాపలాను ఆపమని అడిగేవాణ్ణి ఇంట్లోకి రానిస్తామా? 2021 డిసెంబరులో రెడ్ కెనరీ అనే భద్రతా సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. కేఎంఎస్‌పికో అనే పేరున్న యాక్టివేటర్ కోసం వెతికేవాళ్ళకు, దానితో కలిపి క్రిప్ట్‌బాట్ అనే దొంగ ప్రోగ్రాంను అంటగడుతున్నారట. అది బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, క్రిప్టో ఖాతాల వివరాలు దొంగిలిస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. మన దరఖాస్తుల దుకాణాల్లో రోజూ ఎంతమంది ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఓటీపీ చెబుతున్నారు? పింఛను కోసం వచ్చిన ముసలమ్మకు ఆ కంప్యూటర్ లోపల ఏముందో తెలియదు. ఆమె మనల్ని నమ్మి వేలిముద్ర వేస్తుంది. ఆ నమ్మకం ఖరీదు ఏ లైసెన్స్ ఖరీదు కన్నా ఎక్కువ.

ఇంకొకరు, ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకే కీ దొరుకుతుంది కదా అన్నారు. దుకాణంలో పది వేలకు అటూ ఇటూగా ఉన్న వస్తువు నాలుగు వందలకు ఎందుకు వస్తోందని అడగాలి. అలాంటి వాటిలో చాలా వరకు ఏదో సంస్థ కోసం ఇచ్చిన వాల్యూమ్ కీలో, ఇంకెక్కడివో అయి ఉంటాయి. కొంతకాలం పనిచేస్తాయి, తర్వాత ఒకరోజు ఆపేస్తారు. బిల్లు లేని ఎడ్లను సంతలో కొన్నట్టే.

సరే, ఆ అక్షరాలు అలాగే ఉండనిద్దాం, పని నడుస్తోంది కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. నిజమే, యాక్టివేట్ కాకపోయినా విండోస్ చాలా మట్టుకు పనిచేస్తుంది. తెర బొమ్మ, రంగులు మార్చనివ్వదు, అప్పుడప్పుడు గుర్తుచేస్తుంది, అంతే. కానీ హక్కు లేదని తెలిశాక అలాగే వాడడం, సొంతదారుడు ఇంకా అడగలేదు కదా అని గొడ్డలి ఇంట్లో దాచుకున్నట్టు అనిపించింది.

సంఘ పెద్దలు కూర్చుని లెక్క వేశారు. పది వేలు పెట్టి కొత్త విండోస్ కొనవచ్చు. కానీ విండోస్ 11 ఆ పాత ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని కంపెనీ ముందే ప్రకటించింది. కాబట్టి ఆ యంత్రానికి కానుకల డబ్బు పెట్టడం తెలివైన పని కాదు. అందరం కలిసి ఉచితంగా, హక్కుగా వాడుకోగలిగిన లినక్స్ ఎక్కించాలని నిర్ణయించుకున్నాం.

లినక్స్ గురించి రెండు మాటలు. 1991లో ఫిన్లాండ్‌కు చెందిన లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ప్రపంచమంతటా వేలమంది కలిసి పెంచారు. ఎవరైనా వాడుకోవచ్చు, నకలు తీసి పక్కింటివాళ్ళకు ఇవ్వవచ్చు, అది దొంగతనం కాదు, ఇచ్చినవాళ్ళే అలా ఇచ్చారు. బోర్డు మారిందని హక్కు పోదు. మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవాళ్ళు దీన్ని తెలుగులోకి తేవడానికి ఎంతో శ్రమించారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డ్యాక్ కూడా బాస్ అనే పేరుతో భారతీయ భాషల కోసం ఒక లినక్స్‌ను తయారుచేసింది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. రిజిస్టర్లు, లెక్కలు లిబ్రేఆఫీస్‌లో బాగానే తెరుచుకున్నాయి. పాటల దగ్గర చిక్కొచ్చింది. అవి యూనికోడ్ రాకముందటి పద్ధతి తెలుగు ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంటు లేని చోట తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్లతో మారిస్తే చాలా వరకు వచ్చాయి గానీ, ఒత్తులు అక్కడక్కడ చెదిరాయి. స్త్రీల సమాజం అక్కలు పాత పుస్తకాలు పట్టుకుని కూర్చుంటే, పిల్లలు ఒక్కో పాటా సరిచూసి దిద్దారు. ఆరు వారాలు పట్టింది. యాక్టివేటర్ అయితే రెండు నిమిషాలు. ఈ తేడాను పిల్లలు కళ్ళారా చూశారు. ఇంకోటి, ఆ పాటలు ఇప్పుడు యూనికోడ్‌లో ఉన్నాయి కాబట్టి మీ ఫోన్లలోనూ చదువుకోవచ్చు.

పెన్‌డ్రైవ్ తెచ్చిన తమ్ముడే లినక్స్ ఎక్కించాడు. ఇప్పుడు శనివారం సాయంత్రాలు పిల్లలకు నేర్పేది కూడా అతనే.

అందరూ లినక్స్‌కు మారాలని నేను చెప్పడం లేదు. కొందరి పనికి విండోస్ తప్పనిసరి. వాళ్ళు చేసుకోవలసిన జాగ్రత్తలు నాలుగు ఉన్నాయి. బోర్డు బాగున్నప్పుడే చేయండి.

మొదటిది, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్ళి, యాక్టివేషన్ పేజీ తెరవండి. డిజిటల్ లైసెన్స్ మీ ఖాతాతో ముడిపడి ఉందని అక్కడ రాసి ఉండాలి. దుకాణంవాళ్ళ ఖాతాతో కాదు, మీ సొంత ఖాతాతో. కానుకగా వచ్చిన కంప్యూటర్ అయితే, ఇచ్చినవారిని అడిగి మీ ఖాతాకు మార్చుకోండి.

రెండవది, ఇది అన్నింటికన్నా ముఖ్యం. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి డిస్క్ మొత్తం తాళం వేసి ఉంటుంది. బిట్‌లాకర్ అంటారు, హోమ్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. దాని తాళంచెవి బోర్డులోని చిప్పుతో ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలి ఫొటోలు, కాగితాలు మీవే అయినా మీకు దక్కవు. విండోస్ లైసెన్స్ పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు, అవి పోతే కొనలేం. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందేమో చూసి, కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు దాచండి.

మూడవది, బిల్లు, కీ ఉన్న కార్డు, స్టిక్కరు ఫొటో అన్నీ ఒక కవరులో పెట్టండి. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు విండోస్ అసలుదేనా అని నోటితో అడిగి ఊరుకోక, పైన చెప్పిన చీటీ తెరిపించి చూడండి. ఇంట్లో వాడే కంప్యూటర్‌లో వాల్యూమ్ అని కనిపిస్తే, అది ఎక్కడి నుండి వచ్చిందో అడగండి.

నాలుగవది, ముఖ్యమైన ఫైళ్ళ నకలు ఇంకోచోట ఉంచండి. పిడుగు బోర్డును మాత్రమే కాల్చి డిస్కును వదిలిపెడుతుందని నియమం ఏమీ లేదు.

ఇప్పటికే ఎవరి కంప్యూటర్‌లోనైనా యాక్టివేటర్ పెట్టి ఉంటే, దయచేసి సిగ్గుపడి దాచుకోవద్దు. దుకాణంవాళ్ళు మీకు చెప్పకుండానే పెట్టి ఉండవచ్చు. వచ్చే శనివారం సాయంత్రం ఐదు గంటలకు ల్యాప్‌టాప్ అయితే ల్యాప్‌టాప్, డబ్బా అయితే డబ్బా మందిరానికి తీసుకురండి. మన యువకులు చూసి, ఎవరికి ఏ హక్కు ఉందో కాగితం మీద రాసి ఇస్తారు. హక్కు ఉన్నవాళ్ళకు ఖాతాతో ముడివేస్తారు. లేనివాళ్ళకు ఖర్చెంతో, ఉచిత దారి ఏదో చెబుతారు. ఎవ్వరినీ ఎవ్వరూ నిందించరు. దూరంగా ఉన్నవాళ్ళు ఫోన్ చేయండి, పిల్లలే దగ్గరుండి చెబుతారు.

ఎరవు తెచ్చిన వస్తువును సొంతదారుని ముఖం చూసి తిరిగి ఇవ్వగల ధైర్యం మన ఇళ్ళలో, మన దుకాణాల్లో, మన మందిరంలో ఉండును గాక. ప్రభువు మీకు తోడై ఉండును గాక. ఆమేన్.